పండగ పోయిన ఇల్లు

అచ్చాయమ్మని ఒకావిడుండేదంట. మనిషి మంచిదే, నోరే కాస్త... ఎందుకులే, ఆవిడిప్పుడు లేదుగా, చెప్పుకుంటే ఏమనుకుంటది, గయ్యాళినోరే. ఊ కొట్టండర్రా ఎవరన్నా, గోడతో మాట్టాడుతున్నట్టుంది నాకు. ఆవిడకి మొగుడు పోయాడు. పోవడమంటే ఎవరి మొగుడైనా పోతాడు, మా ఆయన పోలేదా. కాని ఈయన ఎప్పుడు పోయాడు? దీపావళినాడు పోయాడు. అదీ వచ్చిన చిక్కు. తెల్లారగట్ట లేచి, ఒంటికి నూనె రాయించుకుని, సున్నిపిండితో నలుగు పెట్టించుకుని, కుంకుడుకాయ పులుసుతో తలంటు పోసుకున్నాడంట. అచ్చాయమ్మ బొట్టు పెట్టి హారతిచ్చింది. కొత్త పంచ కట్టుకుని, ఏమేవ్ గారెలు ఏశావా అని అడిగి, ఎల్లి వీధరుగు మీద కూచున్నాడంట. ఈవిడ గారెల పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి కూచున్నవాడు కూచున్నట్టే ఉన్నాడు, మనిషి లేడు. కొడుకు సూర్రావుకి అప్పుడు ఏడేళ్ళనుకో. కూతురు ఇంకా రెండేళ్ళు పెద్దది.

ఇప్పుడు మీకు తెలుసో లేదో, మీలో సగంమందికి పంచాంగం చూడ్డం కూడా రాదు. ఏ ఇంట్లోనన్నా పండగనాడు మనిషి పోతే ఆ ఇంటికి ఆ పండగ పోయినట్టేనమ్మా. ఇంక వాళ్ళు ఆ పండగ చెయ్యకూడదు. తలంటు లేదు, కొత్తబట్ట లేదు, పొయ్యిమీద నూనెమూకుడు పెట్టకూడదు, గుమ్మంలో దీపం పెట్టకూడదు. ఎన్నాళ్ళు? ఆళ్ళ కొడుకులూ మనవలూ కూడా అంతే. మళ్ళీ అదే పండగనాడు ఆ ఇంట్లో బిడ్డన్నా పుట్టాలి, ఆవన్నా ఈనాలి. అప్పుడు పోయిన పండగ తిరిగొస్తది. ఏం పాపా, మూతి తిప్పుతున్నావు? మీ అత్తగారింట్లో ఉగాది లేదుగా, ఎందుకు లేదో ఎప్పుడన్నా అడిగేవా? అడగలేదు. ఎవరూ అడగరు, అదే చెప్పొస్తన్నాను.

ఆ ఊళ్ళో దీపావళి అంటే మామూలుగా ఉండేది కాదంట. తెల్లారకుండానే ప్రతి పెరట్లోనూ నీళ్ళకాగు కింద మంట, పిల్లల ఏడుపులు, కుంకుడు పులుసు కళ్ళల్లో పడిందని. మజ్జాన్నం బూరెలు, గారెలు. పొద్దు వాలేసరికి ఆడోళ్ళు ప్రమిదలన్నీ పళ్ళేల్లో పెట్టుకుని, ముందు తులసమ్మకి, తరవాత గుమ్మానికి, ఆ తరవాత అరుగు పొడుగునా వరసగా పెట్టుకుంటా వచ్చేవారు. మగపిల్లలూ ఆడపిల్లలూ గోగుపుల్లల చివర నూనెగుడ్డ చుట్టి వెలిగించి, వీధిలో నేలకేసి దిబ్బుదిబ్బుమని కొట్టి, కాళ్ళు కడుక్కుని, వెనక్కి చూడకుండా లోపలికొచ్చి మిఠాయి తినేవారు. వీధంతా ఇలా ఉంటే, మధ్యలో ఒక్క ఇల్లు తలుపేసుకుని కూచునేది. అదే అచ్చాయమ్మ ఇల్లు. పక్కింటోళ్ళు మంచోళ్ళే, మూత పెట్టిన గిన్నెలో బూరెలు పంపేవారు, పండగలేనోళ్ళకి పంపాలి కదా. అచ్చాయమ్మకి ఆ గిన్నె చూస్తే ఒళ్ళుమంట. ఒకళ్ళు పెడితే తినే పండగ నాకెందుకు అనుకునేది. కాని పిల్లలున్నారు, తీసుకునేది. తీసుకుని, వాళ్ళకి పెట్టి, తను మాత్రం మంచినీళ్ళు తాగి పడుకునేదంట.

అదొక ఎత్తు. కూతురికి పెళ్ళి చేసింది. కొత్తల్లుణ్ణి మొదటి దీపావళికి పిలిచి, తలంటు పోసి, బట్టలు పెట్టాలా వద్దా? పెట్టాలి. ఎలా పెడతది? ఆ ఇంట్లో పండగే లేదాయె. పిలవలేదు. ఆ పిల్ల అత్తగారు ఊరుకుంటదా, 'పండగలేని కొంపలోంచి పిల్లని తెచ్చుకున్నాం' అని నలుగురిలో అనేసిందంట. ఆ మాట ఈవిడ చెవిని పడింది. ఆరోజునుంచీ అచ్చాయమ్మకి ఒకటే దిగులు. తను పోయేలోపల ఈ ఇంటికి పండగ తిరిగి రావాలి, లేకపోతే మనవలు కూడా గోడ పట్టుకుని పక్కింటి దీపాలు చూస్తా నిలబడతారు. నిద్రట్లో కూడా ఇదే గోల.

ముందు ఆవుల్ని నమ్ముకుంది. ఆశ్వయుజమాసానికి ఈనే చూడి ఆవు ఎక్కడుందా అని సంతలన్నీ తిరిగింది. మొదటి ఆవు దసరాకే ఈనేసింది. రెండో ఆవు దీపావళంతా నెమరేసుకుంటా పడుకుని నాగులచవితినాడు ఈనింది. మూడోది ఉంది చూశారూ, అది సరిగ్గా దీపావళినాడే ఈనింది. ఎక్కడ? మేతకి తోలుకెళ్తే పక్కూరోళ్ళ చేలో. మన గుమ్మంలో కాదుగా, ఏం లాభం. ఆ పండగ ఆ చేనాయనకి వచ్చిందేమో ఎవరికి తెలుసు. నవ్వుతారేంటే, ఆవిడ ఆరోజు ఏడ్చిందంట, ఆవు మెడ పట్టుకుని ఏడ్చింది.

అప్పటికి పదహారేళ్ళు అయిపోయాయి. సూర్రావుకి పెళ్ళయింది. కోడలు పేరు వరహాలు. సన్నగా, నెమ్మదిగా ఉండే పిల్ల, అత్త ఏమన్నా పల్లెత్తు మాట తిరిగి అనేది కాదు. ఏమైందంటే, ఆ పిల్ల పుష్యమాసంలో నెల తప్పింది. అచ్చాయమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఒకసారి ఏసుకుంది, రెండుసార్లు ఏసుకుంది. తొమ్మిది నెలలూ నిండి పైన పడేది ఎప్పటికి? సరిగ్గా దీపావళికి.  ఆ పూటే బొగ్గుముక్క తీసుకుని వంటింటి గోడ మీద గీతలు గియ్యడం మొదలెట్టింది, రోజుకో గీత. తొలిచూలు పుట్టింట్లో కదమ్మా పురుడు పోసేది. పంపలేదు. వియ్యపురాలు పసుపూ కుంకం పట్టుకుని పిల్లని తీసుకెళ్ళడానికి వస్తే, మా గుమ్మంలో పుడితేనే మాకు పండగ, నీ గుమ్మంలో పుడితే నాకేం వస్తది అని పంపించేసిందంట. ఆవిడ కళ్ళు తుడుచుకుంటా పోయింది. వరహాలు గుమ్మంలో నిలబడి అమ్మ పోయేదాకా చూసి, లోపలికొచ్చి బియ్యంలో రాళ్ళు ఏరుకుందంట.

అప్పట్నుంచి ఆ పిల్లకి ఏం పెట్టింది అనుకున్నారు? అన్నీ పెట్టింది. నెయ్యి పెట్టింది, పాలు పోసింది. కాని బెల్లం ముట్టుకోనివ్వదు, నువ్వులు ముట్టుకోనివ్వదు, వేడిచేసి ముందే కనేస్తదేమోనని. బరువెత్తనివ్వదు, గడప గట్టిగా దాటనివ్వదు. ఆశ్వయుజం వచ్చేసరికి తుమ్మితే కూడా భయమే. పిల్ల మొహం చూస్తది, కడుపు చూస్తది, గోడ మీద గీతలు చూస్తది. ప్రేమా అంటే ప్రేమే, కాదని నేననను. కాని ఆ ప్రేమ పిల్ల మీదో, పండగ మీదో ఆవిడకే తెలీదు.

పండగకి ముందురోజు, ఏటేటా లాగే మొగుడి తద్దినం పని అయ్యాక, అవధాన్లుగారింటికి ఎల్లింది. ఆయనే ఆ ఊరికి పురోహితుడు. పంతులుగారూ, రేపు అమావాస్య ఎప్పుడొస్తది అని అడిగింది. ఆయన పంచాంగం తీసి, 'రేపు మజ్జాన్నందాకా చతుర్దశే ఉందమ్మా, సూర్యుడు నడినెత్తి దాటాక మూడు ఘడియలకి గాని అమావాస్య రాదు' అన్నాడు. మరి పొద్దున్న పుడితే అండీ? 'పొద్దున్న పుడితే నరకచతుర్దశినాడు పుట్టినట్టు. మీకు పోయింది దీపావళి. దీపావళంటే అమావాస్య. అమావాస్య ఘడియల్లో పుట్టాలి' అన్నాడంట. అదీ, ఆయన నోటి చలవ. నాకు ఘడియలూ అవీ తెలీవు, నీడ చెప్పండి అంది. 'మూరెడు పుల్ల ఒకటి ఎండలో పాతుకో. మజ్జాన్నం దాటాక దాని నీడ తూరుపు మొగంగా తిరిగి జానా బెత్తెడు పడితే అమావాస్య వచ్చినట్టు' అన్నాడు. ఈవిడ ఇంటికొచ్చి వాకిట్లో పుల్ల పాతి, జానా బెత్తెడు కొలుచుకుని, అక్కడ ముగ్గుపిండితో గీత గీసిపెట్టుకుంది.

తెల్లారింది. ఊళ్ళో తలంట్లు మొదలయ్యాయి. ఈ ఇంట్లో లేదు కదా, వరహాలు మామూలుగా లేచి కళ్ళాపి చల్లుతంది. చల్లుతా చల్లుతా నడుం పట్టుకుని గోడకి ఆనుకుందంట. అచ్చాయమ్మ చూసింది. ఏంటే? ఏం లేదత్తా. ఏం లేకపోతే మొహం ఎందుకలా పెట్టావు? ఆ పిల్ల చెప్పలేక చెప్పలేక, 'నెప్పి వస్తందత్తా, కోడి కూసినప్పట్నుంచీ వస్తంది' అంది. అచ్చాయమ్మ ఆకాశం కేసి చూసింది. సూర్యుడింకా చెట్ల మీదకి కూడా రాలేదు. మజ్జాన్నం ఎక్కడ, ఇదెక్కడ. 'అమ్మా, తల్లీ, ఇంకొక్క పూట ఓపిక పట్టు, మజ్జాన్నందాకా ఆపుకో' అందంట. ఆపుకోడానికి అదేమన్నా తుమ్మా అత్తా అంది ఆ పిల్ల. జన్మలో మొదటిసారి ఎదురు చెప్పింది. చెప్పి, మళ్ళీ తనే, సరే అత్తా, చూస్తానులే అంది.

ఇప్పుడు చూడండి ఆవిడ చేసిన పని. మంత్రసానికి కబురు పంపలేదు. మంత్రసాని వస్తే మిరియాల కషాయం ఇస్తది, నడిపిస్తది, కూచోబెడతది, తొందరగా కాన్పు చేసేస్తది కదా. అందుకని పంపలేదు. పిల్లని తీసుకెళ్ళి గదిలో చాపమీద ఎడంపక్కకి తిప్పి పడుకోబెట్టి, కదలొద్దు, గట్టిగా ఊపిరి పీల్చొద్దు అని చెప్పి, తను వాకిట్లో పుల్లదగ్గర కూచుంది. ఓ నిమిషం ఇక్కడ, ఓ నిమిషం అక్కడ. సూర్రావు వచ్చి, అమ్మా, మంత్రసాని గంగాలుని పిలుచుకు రానా అంటాడు. ఉండరా అంటది. కాసేపటికి మళ్ళీ వచ్చి, పిలుచుకొస్తానే అంటాడు. ఉండరా, నీకేం తెలుసు ఆడోళ్ళ సంగతి అంటది. వాడు తాటాకు చీలుస్తా కూచున్నాడు, ఎందుకు చీలుస్తన్నాడో వాడికే తెలీదు. లోపల పిల్ల పళ్ళు బిగబట్టి మూలుగుతంది. వీధిలో పిల్లలు కొత్తబట్టలేసుకుని పరుగులు తీస్తన్నారు. బారెడు పొద్దెక్కింది. నీడేమో పడమర పక్కకి ఇంతపొడుగున పడుకునుంది, కదలనంటంది. అచ్చాయమ్మ దాన్ని చూసి చూసి, ఎవరన్నా తోస్తే జరుగుద్దా అన్నట్టు కూచుందంట.

అప్పుడేమైందంటే, ఉమ్మనీరు పోయింది. ఆ పిల్ల గట్టిగా కేకేసింది. సూర్రావు ఇంక తల్లిని అడగలేదు, లేచి పరిగెత్తాడు. గంగాలు వచ్చింది. గంగాలంటే ఎవరనుకున్నారు, ఆ ఊళ్ళో సగం జనాన్ని తన చేతుల్లోకి పట్టింది. పండగపూట తలంటుకుని, జుట్టు తుడుచుకోకుండానే వచ్చింది. లోపలికెళ్ళి చూసి బయటికొచ్చి, 'ఎప్పట్నుంచీ అచ్చాయమ్మగారూ' అని అడిగింది. ఇందాకట్నుంచే అంది ఈవిడ. 'నాకు చెప్తారా. నీళ్ళు పోయాయి, తల దిగుంది, పిల్లని పడుకోబెట్టి కాళ్ళు ముడిపించారేంటి' అంది. ఇంక దాచలేక అచ్చాయమ్మ దణ్ణం పెట్టి, 'గంగాలూ, నీడ ఆ గీతకి వచ్చేదాకా. అంతే. అప్పుడు అమావాస్య వస్తది, నా ఇంటికి పండగొస్తది. నీకు చీర పెడతాను. నువ్వు పక్కనుండు, ఏం చెయ్యమాక' అంది. గంగాలు పుల్లని చూసింది, గీతని చూసింది, ఈవిడ మొహం చూసింది. 'నీడ వచ్చినప్పుడు వచ్చుద్ది. నేను పిల్ల పక్కన కూచుంటాను. నాకు తేడా తెలిస్తే మాత్రం మీ అమావాస్య కోసం ఆగను' అని లోపలికి పోయింది.

సూర్యుడు నడినెత్తికొచ్చాడు. నీడ దగ్గరికి ముడుచుకుంది. ఇంక తిరుగుద్ది, ఇంక తిరుగుద్ది అని అచ్చాయమ్మ నేలకి మొహం ఆనించి చూస్తంది. తిరిగింది కూడా, ఈపక్కకి అంగుళం జరిగింది. ఇంకా బెత్తెడుందో లేదో. అంతలో మబ్బేసింది. ఎక్కడిదో ఒక నల్లమబ్బు, వచ్చి సూర్యుణ్ణి మింగేసింది. నీడ లేదు. పుల్లుంది, గీతుంది, మధ్యలో ఏమీ లేదు. అచ్చాయమ్మకి పిచ్చెక్కినట్టయింది. ఆకాశం చూస్తది, నేల చూస్తది, ఎంత పొద్దయిందో తెలీదు, ఎంతుండాలో తెలీదు. పక్కిళ్ళల్లోంచి గారెల వాసనొస్తంది.

గంగాలు గుమ్మంలోకి వచ్చింది. ఈసారి ఆవిడ గొంతులో కోపం లేదు, దానికే అచ్చాయమ్మకి భయమేసింది. 'అమ్మా, లోపల బిడ్డ కదలటం తగ్గింది. ఇందాక పొట్టమీద చెయ్యేస్తే తన్నింది, ఇప్పుడు తన్నట్లేదు. పిల్లని లేచి కూచుని గట్టిగా ముక్కమంటన్నాను. ముక్కట్లేదు. బిగబట్టుకుంటంది. నా మాట వినట్లేదు. ఇవాళ ఈ ఇంట్లో ఇంకో ప్రాణం పోతే ఇంక మీకు ఏ ఆవు ఈని ఏం లాభం' అంది. అచ్చాయమ్మ లోపలికి పరిగెత్తింది. ఆ పిల్ల చాపమీద, ఒళ్ళంతా చెమట, పెదవి కొరుక్కుని రక్తమొస్తంది, రెండు చేతుల్తో చాప అంచు పట్టుకునుంది. అత్తని చూసి ఏం అడిగిందనుకున్నారు? అమ్మని పిలవమందా? నీళ్ళడిగిందా? 'నీడ ఎంతవరకొచ్చిందత్తా' అని అడిగింది.

ఊరుకోవే, నన్ను చెప్పనీ. ఆ మాట తలుచుకుంటే నాకే ఏదోలా ఉంటది. ఎన్నిసార్లు చెప్పాను ఈ కథ, ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ ఇంతే. అచ్చాయమ్మకి ఆ ఒక్క మాటతో కళ్ళు తెరుచుకున్నాయంట. తన కోసం, తన పండగ కోసం ఆ పిల్ల ప్రాణం బిగబట్టుకుని కూచుంది. అచ్చాయమ్మ కోడలి తల ఒళ్ళోకి తీసుకుని, 'వచ్చేసింది తల్లీ, గీత దాటేసింది. నేను చూశాగా. ఇంక కనెయ్' అందంట. అబద్ధం. బయట నీడే లేదు. కాని ఆ పిల్ల నమ్మింది. నమ్మి, గంగాలు చెయ్యి పట్టుకుని లేచి కూచుని, పొద్దుట్నుంచీ లోపల దాచుకున్న కేకంతా ఒక్కసారి ఏసింది. అచ్చాయమ్మ వెనకనుంచి నడుం పట్టుకుంది. పండగా వద్దు ఏం వద్దు, ఈ పిల్లా, కడుపులో బిడ్డా బతికితే చాలు, నా ఇల్లు చీకట్లోనే ఉండనీ అని మొక్కుకుందంట. ఏ దేవుడికో కూడా తెలీదు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టింది గాని ఏడవలేదు. ఒళ్ళు నీలంగా ఉంది. గంగాలు నోట్లో వేలుపెట్టి తుడిచింది, అరికాళ్ళ మీద కొట్టింది, తలకిందులు చేసి వీపు రాసింది, ఇత్తడి పళ్ళెం తీసి చెవి దగ్గర కొట్టమంది. అచ్చాయమ్మ పళ్ళెం కొడతంది, చెయ్యి జారి అది కింద పడింది. ఆ చప్పుడుకో, గంగాలు చేతికో, పిల్ల క్యారుమంది. సన్నగా ఒకసారి, తరవాత ఇంటిల్లిపాదీ అదిరేలాగ. గుమ్మం బయట సూర్రావు చతికిలబడి, తాటాకుల మధ్య కూచుని ఏడ్చాడంట మగపిల్లాడు.

కాసేపటికి మబ్బు పోయింది. అచ్చాయమ్మ చేతులు కడుక్కోడానికి వాకిట్లోకి వచ్చి, చూడకూడదనుకుంటానే చూసింది. నీడ గీతకి ఇంకా మూడు వేళ్ళు ఇవతలుంది.  చేతులు కడుక్కుని లోపలికొచ్చింది. వరహాలు కళ్ళు తెరవకుండానే, పండగ వచ్చేసింది కదత్తా అంది. వచ్చేసిందమ్మా, పడుకో అంది ఈవిడ.

అంతలో అవధాన్లుగారు వచ్చాడు. పుట్టిన వేళ రాసుకోడానికి సూర్రావు కబురు పంపాడులే. పురిటిల్లు కదా, లోపలికి రాలేదు, పందిట్లో నిలబడ్డాడు. ఎప్పుడు పుట్టిందమ్మా? అచ్చాయమ్మ గది తలుపు వంక చూసి, గొంతు తగ్గించి, 'ఇంకా మూడు వేళ్ళ నీడ ఉండగానేనండి' అంది. కావాలంటే దాటిపోయిందని చెప్పచ్చు, ఎవరు చూడొచ్చారు. కాని శాస్త్రం దగ్గర అబద్ధం ఆడలేకపోయింది. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, 'అయితే చతుర్దశేనమ్మా. లెక్కలోకి రాదు. దీపావళి మీకు రానట్టే' అన్నాడు. అని చెప్పి, వెనక్కి తిరగబోయాడు.

ఆ మాట తలుపు వెనక్కి వినపడింది. వరహాలు అంతా వింటంది. పంతులుగారూ అని పిలిచింది. నీరసంగానే పిలిచింది. ఏమ్మా అన్నాడు. 'నిన్న మా మామగారి తద్దినానికి తమరు స్వయంపాకం పట్టుకెళ్ళారు కదండీ. బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ, నెయ్యి. నేనే సర్దాను.' అవునమ్మా, ప్రతేడూ పట్టుకెళ్తాను కదా. 'నిన్న ఏ తిథికి పెట్టించారండీ?' ఆయన చతుర్దశికమ్మా అన్నాడు. అనేసి ఆగిపోయాడు. గంగాలు పిల్లని తుడుస్తా తుడుస్తా చెయ్యి ఆపింది.

'మా మామగారు పోయింది చతుర్దశి ఘడియల్లో అయితే, మా ఇంటికి దీపావళి ఎప్పుడు పోయిందండీ' అంది ఆ పిల్ల. ఆయన 'అలా కాదమ్మా, తద్దినానికి ఘడియలు చూస్తాం. పండక్కి రోజు చూస్తాం. ఆయన పోయినరోజు ఊరంతా దీపావళే కదా' అన్నాడు. 'రోజు చూస్తే ఇవాళ ఊరంతా దీపావళే కదండీ. మరి నా కూతురు ఏ రోజు పుట్టింది?' అంది. ఇంక చూసుకోండి. ఆయన పైపంచ సర్దుకున్నాడు. ఘడియలు చూస్తే పండగ అసలు పోనేలేదు. రోజు చూస్తే ఇవాళ తిరిగొచ్చింది. ఎటు తిరిగినా గోడే. చివరికి ఆయనే, 'మీ పండగ మీదేనమ్మా, ఎలా చూసినా' అన్నాడు. ఆ మాట నెమ్మదిగా అన్నాడులే, పక్కింటికి వినపడకుండా.

అచ్చాయమ్మ సంబరపడిందనుకున్నారా? పందిట్లో అలాగే నేలమీద కూలబడిపోయిందంట. పదహారేళ్ళు. పదహారేళ్ళూ ఒకరోజు ముందు మొగుడికి తద్దినం పెట్టుకుంది, మర్నాడు తలుపేసుకుని కూచుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఆవిడకీ తోచలేదు, ఆయనకీ తోచలేదు. పిల్లల చిన్నతనమంతా పోయింది, కూతురి మొదటి పండగ పోయింది. ఆవిడ లేచి లోపలికెళ్ళి కోడలి పక్కన కూచుని, 'నిన్ను పొద్దుట్నుంచీ పడుకోబెట్టేశానే' అంది. అదొక్క మాటే. అని భోరుమని ఏడ్చింది. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి అత్తా, కాస్త రాయి అందంట ఆ పిల్ల. ఈవిడ ఏడుస్తానే కాళ్ళు రాసింది.

సాయంత్రమైంది. సూర్రావు కుమ్మరింటికెళ్ళి గంపెడు ప్రమిదలు తెచ్చాడు. ఇరవైమూడేళ్ళోడు, ఏడేళ్ళప్పుడు ఆఖరిసారి పట్టుకున్నాడేమో ప్రమిదని. తెచ్చి అరుగు మీద వరసగా పేరుస్తంటే గంగాలు చూసి, 'ఏం చేస్తన్నావు నాయనా, ఇంట్లో పురుడొచ్చింది, పదకొండోరోజు దాకా పూజా లేదు, దీపారాధనా లేదు' అంది. వాడి చేతిలో ప్రమిద చేతిలోనే ఉండిపోయింది. పండగొచ్చింది గాని చేసుకోడానికి లేదన్నమాట. వీధిలో అప్పటికే ఒక్కో ఇంటిముందూ వెలుగుతున్నాయి. పిల్లలు గోగుపుల్లలతో దిబ్బుదిబ్బుమంటన్నారు. అచ్చాయమ్మ గుమ్మంలో నిలబడింది, మళ్ళీ ఏడాదికి కదా అనుకుంది, అలవాటు చొప్పున తలుపెయ్యబోయింది.

అప్పుడు గంగాలు లోపలనుంచి, 'అచ్చాయమ్మగారూ, పొద్దుపోతంది, పురిటిగదిలో దీపం పెట్టరా ఏంటి? పదిరోజులూ పగలూ రాత్రీ కొండెక్కకుండా ఉండాలి. తల్లీ పిల్లా చీకట్లో ఉంటారా' అంది. అచ్చాయమ్మ 'పెట్టొచ్చా' అని అడిగిందంట, చిన్నపిల్ల అడిగినట్టు. పెట్టకపోతేనే తప్పు అంది గంగాలు. అచ్చాయమ్మ కొడుకు చేతిలో ప్రమిద తీసుకుంది. ఆముదం పోసింది, ఒత్తేసింది.  వెలిగించి, కోడలి తలవైపు గూట్లో పెట్టింది. గదిలో వెలుగొచ్చింది. పసిపిల్ల ఆ వెలుగుకేసి మొహం తిప్పింది.  బయట వీధి వీధంతా దీపాలు. ఈ ఇంట్లో ఒక్కటే. పదహారేళ్ళ తరవాత, దీపావళినాడు, దీపాలు పెట్టేవేళకి. ఆరోజు తలుపు వెయ్యడం అచ్చాయమ్మ మర్చిపోయింది.

అదీ సంగతి. మర్నాటేడు నుంచి ఆ ఇంట్లో పెట్టినన్ని దీపాలు ఊళ్ళో ఎవరూ పెట్టలేదని చెప్తారు, అల్లుణ్ణి కూడా పిలిచారంట, పాతల్లుడైపోయినా కొత్తబట్టలు పెట్టారు. పండగ తిరిగొచ్చిందా, అసలు పోనేలేదా అని ఊళ్ళో మగాళ్ళు చాన్నాళ్ళు కొట్టుకున్నారంట అరుగుల మీద కూచుని. వాళ్ళకేం పని. అవధాన్లుగారు మాత్రం తద్దినానికి వచ్చినప్పుడు, గుమ్మంలో వరహాలు కనపడితే పెరటిదారిన తిరిగొచ్చేవాడంట. ఏం బాబూ, రాసుకున్నావా అంతా? రాసుకుంటే రాసుకున్నావు గాని, నా పేరు పెట్టమాక, ఇక్కడ కూడా ఒక పంతులుగారున్నాడు. నువ్వు లేవే పాపా, మీ అత్తగారింటికి పో. ఎల్లి ఉగాదినాడు పోయిందెవరో, తద్దినం ఏరోజు పెడతన్నారో అడుగు. కొట్టదులే, మహా అయితే తిడతది.